నవ్వని శవాలు

ఒళ్లు కాలిన మనిషిని స్టూడియో వెనక గేటు నుంచి సరుకుల బండిలో పంపించేశారు. ముందు గేటు దగ్గర కొత్త హీరోతో ఫొటోలు దిగుతున్నారు మరి. వాళ్ల సంబరం పాడవకూడదు.

ఆమె హీరోయిన్‌కి డూపు. మంటల మధ్య పరుగెత్తాలి. తడి దుప్పట్లతో పక్కన నిలబడాల్సిన ఇద్దరినీ దండగ ఖర్చని మేనేజరు ముందురోజే మానిపించాడు. చీర అంటుకుంది. ఆమె కేకలు పెడుతున్నా కెమెరా ఆగలేదు.

అదంతా వాచ్‌మన్ బాబాయ్ కళ్లారా చూశాడు. చవక దెయ్యాల సినిమాల్లో పాడుబంగళా వాచ్‌మన్ వేషం ఎప్పుడూ ఆయనదే. "లోపలికి పోకండి బాబూ" అనడం, మరుసటి సీనులో చావడం. వేషాలు కట్టీ కట్టీ జుట్టు నెరిసింది గానీ, ఇంటర్వెల్ దాకా బతికిన సినిమా ఒక్కటీ లేదు.

మేనేజరు ఆయన్ని పక్కకు పిలిచి భుజం మీద చెయ్యేశాడు.

"ఇంట్లో స్టవ్ పేలి కాలిందని చెబుదాం బాబాయ్. నువ్వంటే మిగతావాళ్లు వింటారు. వచ్చే సినిమాలో నువ్వు చావవు, చివరిదాకా ఉంటావు."

సిగ్గుచేటే గానీ, బాబాయ్‌కి ఒక్క క్షణం ఆశ పుట్టింది.

భోజనాల దగ్గర అందరూ గుమిగూడారు.

"సెట్లో కాలిందని కంపెనీ ఒప్పుకోకపోతే మా చెల్లికి వైద్యం ఎవడు చేయిస్తాడు?" అంది కాలిన పిల్ల అక్క. మధ్యాహ్నం సీను కోసం ఆమె ముఖాన అప్పటికే శవం మేకప్ ఉంది.

"గొడవ పడితే రేపట్నుంచి మనల్ని ఎవడు పిలుస్తాడమ్మా?" అన్నాడు తాత వేషాల ముసలాయన.

"పిలిచి ఏం చేస్తున్నాడు తాతా? కాలుస్తున్నాడు."

అందరూ బాబాయ్ వైపు తిరిగారు. మేనేజరు ఆశపెట్టిన వేషం సంగతి ఆయన దాచకుండా చెప్పేశాడు.

"నన్ను బతికిస్తాడట, ఆ పిల్లని అబద్ధం కింద పాతిపెట్టి. ఇవాళ అందరం చచ్చే సీనేగా. చద్దాం. మళ్లీ లేవొద్దు."

ఆ సినిమాలవాళ్లకి ఒక పట్టింపు ఉంది. శవంగా పడుకున్నవాళ్లు లేచి కెమెరా వైపు చూసి నవ్వాలి. నవ్వకపోతే అపశకునమని ఆ సినిమా ఎవడూ కొనడు. మనిషి కాలితే లేని అపశకునం వాళ్లకి అక్కడ కనిపిస్తుంది.

మధ్యాహ్నం వరండా నిండా శవాలు. డైరెక్టరు కట్ చెప్పి, "లేచి నవ్వండి" అన్నాడు. ఒక్కరూ కదల్లేదు. మేనేజరు బతిమాలాడు, బూతులు తిట్టాడు, చివరికి బాబాయ్ డొక్కలో తన్నాడు.

"నవ్వరా."

"ఆ పిల్ల ఇక్కడే కాలిందని అందరి ముందూ చెప్పు. అప్పుడు నవ్వుతా," అన్నాడు బాబాయ్ కళ్లు తెరవకుండా.

పోలీసులొచ్చారు. మేనేజరు వేలెత్తి చూపించగానే బాబాయ్‌ని కాళ్లూ చేతులూ పట్టి ఎత్తుకెళ్లి వ్యానులో పడేశారు. అప్పుడు లేచింది అక్క. ఎవరూ పిలవకుండానే వెళ్లి వ్యానెక్కింది. వెనకే మిగతావాళ్లు, రంగు గాయాలతో అలాగే కదిలారు. పైన లైట్లు ఆర్పి లైట్‌మన్లూ దిగివచ్చారు.

"దిగండ్రా, చోటు లేదు," అని కసిరాడు ఇన్‌స్పెక్టరు.

తాత వేషాల ముసలాయన వ్యాను ముందు అడ్డంగా కూర్చున్నాడు.

"ఇంకో బండి తెప్పించండి సార్. బాబాయ్‌ని వదిలి మేం ఎక్కడికీ పోం."