పదహారు నంబరు తాళంచెవి

జర్మనీలో రెండేళ్లు ఉన్నా శ్రీహరికి ఆ భాషలో వచ్చింది నాలుగే మాటలు. అవీ బీరు కొనడానికి పనికొచ్చేవే. దేవిక ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు గానీ ఎప్పుడూ మరిచిపోలేదు. ఇద్దరూ అక్కడ ఒకే యూనివర్సిటీలో చదువుతున్నారు. పాఠాలు ఇంగ్లీషులోనే కనుక శ్రీహరి గదినిండా మనవాళ్లను చేర్చుకొని, పప్పు వండుకుంటూ, తెలుగులోనే బతికేశాడు. దేవిక వారానికి మూడు సాయంత్రాలు జర్మన్ క్లాసుకు పోతుంటే నవ్వేవాడు.

"ఎందుకే గా తిప్పలు? ఫోన్ల యాప్ ఉన్నది గద. గొర్లను అదిలించినట్టుంటది గా భాష."

ఆమె తండ్రి బిచ్చయ్య ధారూర్‌లో గొర్రెలు కాస్తాడని అతనికి తెలుసు. తెలిసే అన్నాడు.

ఆగస్టు సెలవులకు ఇద్దరూ ఇంటికొచ్చారు. ఒక పొద్దున దేవిక, కళ్లద్దాలు చేయించడానికి తన తల్లి కొండమ్మను వికారాబాద్ తీసుకెళ్లింది. దుకాణంలో ఉండగానే శ్రీహరి ఫోన్ చేశాడు.

"జర తాండూరు రావా? మా మామ బండలు కోసే మిషన్ కొన్నడు, జర్మనీది. ఆగిపోయింది. అక్కడి మెకానిక్కు జర్మన్ తప్ప ఇంకోటి వస్తలేదు."

"నువ్వున్నవు గద."

"మామ ముందట ఇజ్జత్ పోతది."

"ఫోన్ల యాప్ లేదా?" అని అడిగింది దేవిక.

అయినా వెళ్లింది. జాలితో కాదు, అతను నీళ్లు నమలడం కళ్లారా చూద్దామని. తల్లిని ధారూర్ స్టేషన్‌లో దింపి, అదే రైల్లో తాండూరు చేరింది.

అప్పటికే శ్రీహరి మామ కుమారస్వామి పనివాళ్లందరినీ మిషన్ చుట్టూ నిలబెట్టాడు. "మా జూనియర్. జర్మన్ నేనే నేర్పిస్తున్న," అన్నాడు శ్రీహరి. దేవిక ముందుకు రాకుండా ఓ బండల దొంతి మీద కూర్చుంది.

వీడియో కాల్‌లో ముసలి మెకానిక్ ఏదో చెప్పాడు. శ్రీహరి చాటుగా యాప్‌లో చూసుకొని, తనకే అర్థమైనట్టు తల పంకించి, "పదహారు నంబరు తాళంచెవి కావాల్నంట," అన్నాడు.

ఫిట్టర్ ఈరయ్య ఆఫీసులోంచి తాళాల గుత్తి తెచ్చాడు. మిషన్ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "దీనికి తాళమే లేదు గద సారూ."

"కండ్లు తెరిచి దేవులాడు," అని కసిరాడు కుమారస్వామి.

ఈరయ్య రాతిపొడిలో మోకాళ్ల మీద పాకాడు. ముసలాయన అదే మాట మెల్లగా, ఇంకా మెల్లగా చెబుతున్నాడు. దేవికకు మొదటి మాటకే అర్థమైంది. పది నిమిషాలు అలాగే కూర్చొని చూసింది. తనవల్లే ఈరయ్య తిట్లు తింటున్నాడని తోచాక గానీ లేవలేదు.

"తాళంచెవినైనా పానానైనా వాళ్లు ష్లూసెల్ అనే అంటరు. పదహారు పానా తెమ్మంటున్నడు," అని శ్రీహరి చేతిలోంచి ఫోన్ తీసుకుంది. మాట్లాడుతుంటే వ్యాకరణం రెండు మూడుచోట్ల తప్పింది. ముసలాయన పట్టించుకోలేదు. ఆయన చెప్పినట్టే ఈరయ్య బోల్టు విప్పి, లోపల గడ్డకట్టిన పొడి తీశాడు. బ్లేడు తిరిగింది.

కుమారస్వామి శ్రీహరి భుజం తట్టాడు. "పిల్లను మంచిగ తయారుజేసినవ్ రా."

శ్రీహరి నవ్వాడు. కాదనలేదు. చెప్పుకు అంటిన బురదను చూసినట్టు దేవిక అతన్ని ఒక్కసారి చూసింది.

ఆమెను స్టేషన్‌కు బండి మీద దింపుతూ శ్రీహరి, "కూసుంటే నేను గూడ పదిదినాల్ల నేర్చుకుంట," అన్నాడు.

"మరి కూసో," అంది ఆమె.

అతను కూర్చోలేదు. చలికాలంలో జర్మనీ కంపెనీ ఒకటి ఇద్దరినీ ఇంటర్వ్యూకు పిలిచింది. సగంలో వాళ్లు జర్మన్‌లోకి మారారు. ఉద్యోగం దేవికకు వచ్చింది. ఆ సాయంత్రం శ్రీహరి ఫోన్ చేసి, "మనోళ్లంటే వీళ్లకు పడదు," అన్నాడు.

తోటివాడి నోటికాడి కూడు పోతే జాలి కలగాలంటారు. దేవిక తన మనసులో వెతికి చూసుకుంది. ఏమీ కలగలేదు.

"నన్ను తీసుకున్నరు గద," అని ఫోన్ పెట్టేసింది.