రాతి మోపు

1964 ఫిబ్రవరి 9, ఆదివారం, పగలు మూడు గంటలు. నిజామాబాద్‌లో కొత్తగా పెట్టిన అజాయబ్‌ఘర్‌లో, అంటే మ్యూజియంలో, శిల్పి రాజమల్లు మాట్లాడాల్సిన సమయం అది. బోధన్ నుంచి పొద్దుటి బస్సుకే వచ్చారు ముగ్గురూ: రాజమల్లు, భార్య సాయవ్వ, అక్క గంగమణి. దారి పొడుగునా గంగమణి, ఎప్పటిలాగే, ఎక్కినవాళ్లను చెప్పులు చూసి పలకరించింది.

"ఏం లింబయ్యా, మళ్ల మీ అన్న చెప్పులే ఏసుకొస్తివా?"

బస్సంతా నవ్వింది. నడుము వంగిన మనిషికి ముఖాలు ఎక్కడ అందుతాయి?

అమ్మా బాపూ పోయాక, నిజాంసాగర్ కాలువ కింద చెరుకు కొట్టి తమ్ముణ్ణి సాకింది ఆమె. రోళ్లు కొట్టేవాళ్ల దగ్గర పనికి పెట్టింది. చెయ్యి తిరిగాక రాజమల్లు నల్లరాయిలో అక్కనే చెక్కాడు, వీపు మీద చెరుకు మోపుతో, నిలువెత్తు గద్దె మీద. రోజూ ఆమె మోపెత్తుకొని ఎదురుగా నిలబడేది, పని కాగానే దించేది.

రాతిపనివాళ్లకు ఒక ఆచారం ఉంది. విగ్రహానికి కండ్లు చెక్కేముందు, ఎదురుగా నిలబడ్డ మనిషిని బరువు దించి కూర్చోమంటారు. రాజమల్లు తొందరలో ఆ మాట మరిచాడు. రాతికి చూపు వచ్చేసరికి గంగమణి మోపు కిందే ఉంది. తర్వాత మోపు దించింది గాని నడుము లేవలేదు.

"ముందుగాల దించుకొమ్మనాలె గదరా," అన్నారు వాడకట్టు పెద్దలు, ఎవరి పనికి వాళ్లు పోయారు.

"రాతి మీద మోపు కొట్టేస్తనక్కా," అని రాజమల్లు అప్పుడప్పుడు అనేవాడు.

"నోర్మూసుకో. గా బొమ్మ తోనే నిన్ను నలుగురు గుర్తువట్టిండ్రు," అనేది ఆమె.

ఆ మాటకు అతను లోపల్లోపల ఊపిరి పీల్చుకునేవాడు. దేవుడికి తెలియనిదా.

అజాయబ్‌ఘర్ అధికారి బాపురావు ముందుగా లేచి విగ్రహాన్ని చూపించాడు. "ఈ వంపు చూడండి! శ్రమలోని సొగసంతా ఈ మోపు కిందే ఉంది. రేపు పొద్దున దీన్ని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తాం. ఆ తర్వాత శిల్పి కూడా ముట్టడానికి వీల్లేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. గంగమణి కూడా కొట్టింది.

"నడుం నాది, దండలు వీనికి," అని సాయవ్వ చెవిలో గొణిగింది.

"ఊకో వదినె, నవ్వొస్తది," అంది సాయవ్వ.

రాజమల్లు ఉలి, సుత్తె బల్ల మీద పెట్టి పని ఎట్లా చేస్తారో చెప్పాడు. "మట్టి పనిల తప్పు పోతే ఇంత ముద్ద అతికిస్తరు. రాయిల అతుకుడు లేదు. తీసుడే."

షంషాద్ అనే కాలేజీ అమ్మాయి లేచి గంగమణిని అడిగింది. "అమ్మా, మీ బొమ్మ మీకెట్ల అనిపిస్తుంది?"

"కాళ్లు మంచిగ చెక్కిండు బిడ్డా. మడిమె పగుళ్లు గూడ ఇడువలే."

"మరి ముఖం?"

"ముఖం నేనేడ సూసిన? కండ్లు వెట్టినంక తల ఎత్తితే గద!"

గదిలో కొందరు నవ్వారు. రాజమల్లు నవ్వలేదు. కాసేపు అక్క పాదాల వంక చూశాడు. తర్వాత ఉలి, సుత్తె తీసుకొని గద్దె ఎక్కాడు.

"అరె, ఏం చేస్తున్నవయ్యా!" బాపురావు పరుగెత్తాడు.

"రేపటికెల్లి మీది సారూ. ఇయ్యాల ఇంక నాదే."

రాతి మోపులోని చెరుకు గడలు ఒక్కొక్కటే రాలాయి. ఒక్కో పెచ్చు పడ్డకొద్దీ గంగమణి కొంచెం కొంచెం లేచింది, ముందు మోకాళ్ల మీది నుంచి చెయ్యి తీసి, తర్వాత భుజాలు విప్పి. ఆఖరి పెచ్చు పడేసరికి ఆమె నిటారుగా ఉంది. ఎదుట రాతి మనిషి మాత్రం ఇంకా వంగే ఉంది, ఖాళీ వీపుతో, ఇప్పుడే లేవబోతున్నట్టు.

గంగమణి ఆ ముఖాన్ని చాలాసేపు చూసింది.

"గింత కోపంగుంటనారా నేను?"

"అప్పుడు ఆకలైతుండె నీకు," అన్నాడు రాజమల్లు, గద్దె దిగకుండానే.

"ఆగం జేసుకుంటివి గద తమ్మీ," అని ఏడ్చింది ఆమె.

మోపు లేని బొమ్మ మాకెందుకన్నాడు బాపురావు. విగ్రహాన్ని బోధన్ పోయే ఖాళీ చెరుకు బండి మీద వేసుకొని, పక్కన ముగ్గురూ కూర్చుని ఇంటికొచ్చారు. రాజమల్లును మళ్లీ ఏ సభకూ పిలవలేదు. అతను బతికినన్నాళ్లు రోళ్లే కొట్టాడు.

ఇంటికొచ్చిన మర్నాడు తెల్లవారి వాకిలి ఊడవబోయిన గంగమణి నుదుటికి, ఇన్నాళ్లూ వంగి దాటిన దర్వాజ పైచెక్క ఠపీమని తగిలింది. ఇంటిల్లిపాదీ లేచి వచ్చారు. సాయవ్వ పసుపు నూరి బొప్పికి అద్దింది. రాజమల్లు ఉలి తెచ్చి చెక్క ఎంత మేర తీయాలో చూస్తుంటే, గంగమణి అతని చేతిలోంచి ఉలి గుంజుకుంది.

"తగలనీయ్," అంది. "పోయి చాయ్ వెట్టుమను."

ఆ పూట చీపురు ఎవరూ పట్టలేదు. అందరూ వాకిట్లోనే కూర్చుని చాయ్ తాగారు.