కుంటకు రెండు గట్లు

బీడులోని కుంటకు చుట్టూ ఉన్నది ఒకటే గట్టు. ఊరు దాన్ని రెండు చేసింది. తూర్పు వైపు ఓబుళరెడ్డి వర్గానిది, పడమటి వైపు తిమ్మారెడ్డి వర్గానిది. బాంబులు పేలిన రోజుల్లో చేసుకున్న ఏర్పాటు అది. తర్వాత పోలీసు పికెట్ ఎత్తేశారు. ఇద్దరు రెడ్లూ చెరో పార్టీలో చేరి, ప్రొద్దుటూరులో ఒకే వీధిలో మేడలు కట్టుకుని, ఒకరింటి పెళ్లికి ఒకరు పోయి భోంచేసి వస్తున్నారు. ఇక్కడ పెద్దముడియం పక్క పల్లెలో మాత్రం గొర్రెలు ఇంకా వర్గాలవారీగానే నీళ్లు తాగుతున్నాయి.

చిన్నసుబ్బమ్మది తూర్పు గట్టు. ఆమె మొగుడు యల్లయ్యను జమ్మలమడుగు నుంచి వస్తుంటే దారి కాసి నరికారు. దానికి బదులుగా ఇటువాళ్లు చంపింది పడమటి గట్టు వెంకటసుబ్బమ్మ మొగుణ్ణి. చచ్చినవాళ్లిద్దరూ గొర్రెలు కాసుకునేవాళ్లే, రెడ్ల ఒంటి మీద గీత కూడా పడలేదు. అప్పటి నుంచి ఆ ఇద్దరాడవాళ్లూ రోజూ కుంటకు అటొకరు ఇటొకరు నిలబడేవాళ్లు గానీ ఒక్క మాట మాట్లాడుకుని ఎరగరు. గొర్రెలకు ఈ సంగతులు తెలియవు కాబట్టి అప్పుడప్పుడూ కలిసిపోయేవి. ఎవరి ఈల వాళ్లు వేసి ఎవరి మందను వాళ్లు మళ్లించుకునేవాళ్లు.

అలాంటి బీడులోకి డేటా సెంటర్ వస్తుందన్నారు. సర్వేవాళ్లు వచ్చి రాళ్లు పాతిపోయారు. ఊరి అభిప్రాయం అడగడానికి మీటింగు పెడతామన్నారు.

"ఫోన్లలో మాటలూ బొమ్మలూ దాచిపెట్టే గోడౌన్ లాంటిది, మే" అని వీఆర్వో చెప్పాడు. ఆ మిషన్లు వేడికి ఓర్చుకోలేవట, రాత్రీ పగలూ నీళ్లతో చల్లబరుస్తూనే ఉండాలట. ఎండాకాలం వస్తే ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టుకునే ఊరికి ఎంత ముచ్చటైన కబురు! కంచె పడితే బీడు పోతుంది, కుంట పోతుంది. చిన్నసుబ్బమ్మకు సెంటు భూమి లేదు. గొర్రెలు పోతే ఆమె బతుకే పోయినట్టు.

ఆ మధ్యాహ్నం ఆమె కుంట చుట్టూ నడిచి పడమటి గట్టెక్కింది. వెంకటసుబ్బమ్మ చేతికర్ర గట్టిగా పట్టుకుంది.

"యాడికొస్తాండావు?"

"నీ కాడికే అక్కా. కంచె ఏసేటోళ్లు నీ గట్టు, నా గట్టు అని చూస్తారా?"

వెంకటసుబ్బమ్మ సర్వేవాళ్లు పాతిన రాళ్ల వైపు చూసింది. చివరికి కర్ర కింద పెట్టింది.

"మీ రెడ్డి ఒద్దంటే మావోడు కావాలంటాడు. మావోడు ఒద్దంటే మీవోడు కావాలంటాడు. ఈ ఊర్లో ఏ పనైనా అట్లనే గదా చెడింది" అంది.

"అందుకే వాళ్లిద్దర్నీ నోరు మూసుకోమందాం. మీటింగులో మనమే మాట్లాడదాం. ముందు నువ్వు, యెనకాల నేను."

ఎవరి రెడ్డి దగ్గరికి వాళ్లు పోయి కాళ్లావేళ్లా పడ్డారు. "మీ ఇష్టం సుబ్బమ్మా, నేను నోరెత్తను" అన్నాడు ఓబుళరెడ్డి. తిమ్మారెడ్డీ అదే మాటిచ్చాడు. మీటింగు దాకా ఆ కుంటకు ఒకటే గట్టు. గొర్రెలు ఇష్టమొచ్చిన చోట నీళ్లు తాగాయి, ఈల వేసే పనే లేకపోయింది. ఒకరోజు వెంకటసుబ్బమ్మ తన సంగటి ముద్దలో సగం తుంచి ఇచ్చింది. అది తింటుంటే చిన్నసుబ్బమ్మకు యల్లయ్య గుర్తొచ్చాడు. తప్పు చేస్తున్నానేమో అని భయమేసింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా మెతుకు మిగల్చకుండా తినేసింది.

బడి ఆవరణలో షామియానా వేశారు. పైనుంచి ఆఫీసరు వచ్చాడు, టీవీవాళ్లు వచ్చారు. జనం ఎప్పటిలాగే రెండు పక్కలుగా కూర్చున్నారు. వెంకటసుబ్బమ్మ మైకు పట్టుకుంది.

"మీ మిషన్లకు ఎండ తగలగూడదంటాండారు. మా గొర్రెలు ఎండలోనే తిరుగుతాయి సార్. వాటికి కావాల్సింది ఆ కుంటలో నీళ్లే. అయ్యి మీకిస్తే మేం యాడికి పోవాల?"

రెండు పక్కలా చప్పట్లు కొట్టారు. ఆ ఊళ్లో అలా జరగడం చిన్నసుబ్బమ్మ ఎన్నడూ చూడలేదు. గుండె నిండిపోయి, కొంగు నడుముకు దోపి లేచింది. మైకు ఆమె దాకా రాలేదు. టీవీ కెమెరాను చూసి తిమ్మారెడ్డికి ప్రాణం ఆగలేదు. మధ్యలోనే మైకు లాక్కున్నాడు.

"ఈ ప్రభుత్వం పేదోళ్ల నోట్లో మన్ను కొడతాంది. మా పార్టీ ప్రాణాలిచ్చైనా దీన్ని అడ్డుకుంటాది" అన్నాడు.

ఆ ప్రాణాలు ఎవరివో చెప్పలేదు. ఓబుళరెడ్డి తెల్లపంచె దులుపుకుని లేచాడు.

"వాళ్లు ఒద్దంటాండారా? అయితే మాకు కావాల. మనోళ్లంతా చేతులెత్తండప్పా."

ఆ మాట వినగానే తూర్పు పక్క చేతులన్నీ లేచాయి. ఆ పాత రోజుల్లో రెడ్డి ఎత్తమన్నప్పుడు ఎత్తని చెయ్యి ఎవరిదో వీధంతా చూసేది. ఎత్తనివాడికి ఆ రాత్రి నిద్ర ఉండేది కాదు. పెళ్లయి వచ్చిన కొత్తల్లోనే యల్లయ్య ఆమెకు అది నేర్పాడు. డేటా సెంటర్ కావాలా వద్దా అని అక్కడెవరూ ఆలోచించలేదు. అందరి ముందూ నిలబడి ఉన్న చిన్నసుబ్బమ్మ, కెమెరా తనవైపు తిరగడం చూసి తలెత్తింది. అందరికంటే పైన ఉన్నది తన చెయ్యే.

గబుక్కున దించుకుంది. "ఒద్దని చెప్పాలనే లేసినా సార్, నేను ఒద్దని..."

"కూర్చో అమ్మా, నీ అభిప్రాయం తెలిసింది" అన్నాడు ఆఫీసరు. మీటింగు ముగిసింది.

సాయంత్రం మందను తోలుకుని కుంటకు పోయింది. వెంకటసుబ్బమ్మ అప్పటికే అక్కడుంది.

"అక్కా, నా చెయ్యి..."

"తెలుసులే, మే. మావోడు ఎత్తమనింటే నాదీ లేసేదే."

ఆ మాటలో కోపం లేదు. ఉండి ఉంటే చిన్నసుబ్బమ్మకు కొంచెం తేలికయ్యేది. వెంకటసుబ్బమ్మ కర్ర అందుకుని తన గొర్రెలను విడదీస్తూ, "నీ గట్టుకు నువ్వు పో. మావోళ్లు చూస్తాండారు" అంది.

చిన్నసుబ్బమ్మ చుట్టూ నడిచి తూర్పు గట్టుకు పోయింది. అక్కడ నిలబడి ఈల వేసింది. ఆమె గొర్రెలు తలెత్తి ఇటు చూశాయి. మళ్లీ వంచుకుని, పడమటి గట్టునే నీళ్లు తాగసాగాయి.