చెవులక్క ఎంచిన ప్రొపెల్లర్

రెండు గాజుగ్లాసుల అంచుల మీద సన్నని ఇనుప ఊచ, ఆ ఊచ మధ్యలో బొమ్మ విమానం ప్రొపెల్లర్. ఆమె చెయ్యి తియ్యగానే ఒక రెక్క మెల్లగా కిందికి వాలింది. ఆ రెక్క వెనకవైపు గరుకు కాగితంతో నాలుగుసార్లు రుద్ది, పొడి ఊదేసి, మళ్ళీ ఊచకెక్కించింది. ఈసారి రెండు రెక్కలూ అడ్డంగా, ఎటూ ఒరగకుండా ఆగిపోయాయి.

మరదలు గిన్నెలు పెట్టుకోడానికి వంటగట్టు మీద చోటు వెతుక్కుంటోంది.

"ఇంట్లో ఫ్యాను ఆర్నెల్లుగా టకటకమంటోంది వదినా. దాని రెక్కలు మాత్రం మీ అక్కాతమ్ముళ్ళ కంటికి ఆనవు."

ఆమె నవ్వి గ్లాసులు గట్టు చివరికి జరిపింది.

బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్లు బాగుచెయ్యడం ఆమె పని. ముప్ఫై ఏళ్ళుగా అదే. మిషన్ల వరసల మధ్య నడుస్తూ ఉన్నట్టుండి ఆగి, దీనికి నూనె అందట్లేదనేది. విప్పి చూస్తే అంతే అయ్యేది. అక్కడందరికీ ఆమె చెవులక్క. పెళ్ళయిన నాలుగేళ్ళకే భర్త పోతే తమ్ముడింటి మేడమీద గదిలోకి వచ్చింది. బస్సు నడిపే ఆ తమ్ముడికి బొమ్మ విమానాల పిచ్చి. అతని మొదటి విమానం నేల విడవకుండానే ఆగిపోతుంటే, ఆమె పక్కన కూర్చుని కాసేపు విని, ఇంధనం పాలు తగ్గించి పెంచే సూదిమరను పావు చుట్టు తిప్పింది. అప్పట్నుంచి ఇంజను ఆమెది, ఎగరెయ్యడం అతనిది. గెలిచిన కప్పులన్నీ అతని పేరు మీదే ఉండేవి. అందులో వింతేమీ ఆమెకు తోచలేదు.

ఆ ఆదివారం పదింటికి మైదానం చేరారు. రెండు జెండాల మధ్య దూరాన్ని ఎవరి విమానం త్వరగా దాటితే వాళ్ళదే గెలుపు. ఈ ఒక్క పందెంలో మాత్రం నాలుగేళ్ళుగా గెలుస్తున్నది ఒక పళ్ళ డాక్టరు. తమ్ముడిది ఎప్పుడూ రెండో స్థానమే.

తమ్ముడు విమానం తోక పట్టుకున్నాడు. ఆమె వెంట తెచ్చిన రెండు ప్రొపెల్లర్లూ ఒకదాని తర్వాత ఒకటి బిగించి ఇంజను తిప్పింది. పది అంగుళాలది అతను మడమలు నేలకు తన్నిపెట్టుకోవలసినంతగా లాగింది. ఎనిమిది అంగుళాలదానికి రెక్కల మెలిక ఎక్కువ, ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం తోస్తుంది. అది బద్ధకంగా లాగింది.

"అక్కా, ఇది లాగట్లేదు. పెద్దదే పెట్టు."

"నువ్వు బస్సు మొదటి గేరులో ఉంచి బలంగా ఉందన్నట్టు మాట్లాడుతున్నావు. ఇది నిలబడ్డ చోట లాగదు. వేగం అందుకోనియ్."

"ఓడిపోతే?"

"నా పేరు చెప్పు."

ఆమె చిన్నదాన్నే ఉంచి, ఇంధనం తగ్గేలా సూదిమరను లోపలికి తిప్పుతూ పోయింది. పొగ పలచబడి శబ్దం పదునెక్కింది. అక్కడే ఉంచమన్నాడతను. ఆమె రెండు టిక్కులు వెనక్కి తిప్పింది. గాలిలో ప్రొపెల్లర్ తేలికపడి ఇంజను ఇంకా వడిగా తిరుగుతుంది. నేల మీదే బిగించేస్తే పైన ఇంధనం చాలక చస్తుంది. ఇంధనం గొట్టాన్ని వేళ్ళతో క్షణం నొక్కింది. శబ్దం ఒక మెట్టు ఎక్కి, వదలగానే దిగింది. అంటే ఇంధనం కాస్త మిగులున్నట్టే. విమానం ముక్కు ఆకాశానికి ఎత్తి చూసింది. శబ్దం తొణకలేదు. తల ఊపి, తమ్ముడు రిమోటు అందుకున్నాక వదిలిపెట్టింది.

విమానం లేవడానికి చాలాదూరం పరుగెత్తింది. తమ్ముడు రిమోటు మీది పుల్లను మెల్లగా వెనక్కి లాగాడు. ఆమె ఎప్పటిలాగే విమానానికి వీపు తిప్పి నిలబడింది. అంత దూరాన చుక్కలాంటిది ఆమె కళ్ళకు ఆనదు. రెండో చుట్టులో ఇంజను మొద్దు గొంతు విచ్చుకుంది. పైకి, ఇంకా పైకి వెళ్ళి, తెగని కుట్టులా ఒకే తీరున సాగింది. జెండాలు దాటిందని అరుపులు వినపడకముందే ఆమెకు తెలిసింది.

రెప్పపాటు తేడాతో తమ్ముడు గెలిచాడు. డాక్టరు వచ్చి, ఏ ప్రొపెల్లర్ వాడావని అడిగాడు. ఎప్పుడూ ఏదో ఒకటి చెప్పి తప్పించుకునే తమ్ముడు, ఈసారి "మా అక్కనడగండి" అన్నాడు.

ఆమె నీలం చేతిగుడ్డతో ఇంజను తుడుస్తూనే పొడవు, మెలిక, చివరికి ఆ రెండు టిక్కులతో సహా అంతా చెప్పేసింది. దారిలో తమ్ముడు సణిగాడు.

"అంతా చెప్పేశావేంటక్కా?"

"అడిగాడుగా."

గురువారం మధ్యాహ్నం ఫ్యాక్టరీలో నాలుగో వరసలో, విప్పిన మిషను ముందు స్టూలు మీద కూర్చుని ఆమె తల పక్కకి వాల్చింది. మిషను చప్పుడు వింటోందనుకున్నారు చుట్టూ కుట్టేవాళ్ళు. చాలాసేపు ఎవరూ కదిలించలేదు.

అక్క పోయి నెల తిరిగాక తమ్ముడు ఒక్కడే మైదానానికి వచ్చాడు. ఇంజను నడిపి, సూదిమర బిగించి, రెండు టిక్కులు వెనక్కి తిప్పాడు. గొట్టం నొక్కి వదిలాడు. సరిపోయిందో లేదో తెలియలేదు. పక్కన నిలబడ్డ డాక్టరును అడిగాడు. ఆయనా కాసేపు చెవి ఒగ్గి విని, తనకూ తెలియట్లేదన్నాడు. అతను ఇంజను ఆపేసి, చేతులు కడుక్కోడానికి కుళాయి దగ్గరికి నడిచాడు. కుళాయి పక్కన కంచె తీగ మీద, ఆ ఆదివారం ఆమె ఉతికి ఆరేసి మరిచిపోయిన చేతిగుడ్డ ఉంది. ఫ్యాక్టరీ కత్తిరింపుల్లోని నీలం ముక్క, నాలుగంచులూ మడిచి కుట్టింది. ఎండకు అట్టకట్టి, వేలాడిన మడతలోనే బిగుసుకుపోయి ఉంది.