సూరయ్య ఫిల్టరు

దానియేలు కుళాయి కట్టేసి, చేతిలోని ఫిల్టరును కిటికీ వెలుగుకు పట్టాడు. జానెడు పైచిలుకు గాజులాంటి గొట్టం. లోపల వెంట్రుకల్లాంటి వేల పోగులు. కిడ్నీలు పాడైనవాళ్ల రక్తం వాటి గుండానే శుభ్రపడుతుంది. బందరులోని ఆ డయాలసిస్ కేంద్రంలో ఎవరి ఫిల్టరు వారిదే. పేరు రాసి ఉంచి, వాడిన ప్రతిసారీ కడిగి, క్రిములు చంపే మందు నింపి, మళ్లీ వాడతారు. కడగడం దానియేలు పని. మందు వాసన చేతులను వదలక అతను ఇంట్లో అన్నం చెంచాతో తింటాడు. చర్చిలో ఎవరైనా చెయ్యి చాపితే నమస్కారం పెట్టి తప్పుకుంటాడు.

సూరయ్య ఫిల్టరులో పోగులు సగం రక్తం గడ్డకట్టి నల్లబడ్డాయి. నీళ్లు నింపి కొలజాడీలోకి వంపాడు. ఉండాల్సిన గీత దాకా నీళ్లు రాలేదు. అంటే పారేయాలి.

"సరళమ్మా, ఇది పనికిరాదు."

"కొత్తవి సాయంత్రానికి గానీ రావు అన్నయ్యా," అంది నర్సు సరళ. "ఆయన నాగాయలంక నుంచి వచ్చి ఆయాసపడుతూ కూర్చున్నాడు. ఊరికే పంపేస్తామా? ఈ ఒక్కసారికి పెట్టెయ్."

దానియేలు మళ్లీ కుళాయి తిప్పాడు. దాన్నే ఇంకోసారి కడిగాడు. తీసుకెళ్లి మిషనుకు బిగించాడు.

మిషను తిరుగుతుండగా, ఐర్లండులో నర్సుగా ఉన్న స్నేహితురాలు బ్లెస్సీ సరళకు వీడియో కాల్ చేసి తమ వార్డు చూపించింది. అక్కడ ఫిల్టరును ఒక్కసారి వాడి పారేస్తున్నారు.

సూరయ్య మంచం మీంచే మెడ సాచాడు. "అమ్మాయ్, మీ దగ్గరోళ్లు ఇట్టా ఎన్నాళ్లు నెట్టుకొస్తారు?"

"పదిహేనేళ్లు దాటినవాళ్లూ ఉన్నారు బాబాయ్."

"అమ్మో! అన్నాళ్లు మా ఆవిడ నాతో వేగొద్దూ?"

వార్డంతా నవ్వింది. "మరి మనమో?" అంది పక్క మంచం మీది దుర్గ. సరళ ఫోను అటు తిప్పేసుకుంది.

"వాళ్ల సంగతి మనకెందుకులే," అన్నాడు సూరయ్య. "నాది దానియేలు కడిగాడు. వాళ్లకి దానియేలు ఎక్కడ దొరుకుతాడు?"

దానియేలు తల ఎత్తలేకపోయాడు. నిజం చెబుదామని నోరు తెరిచాడు. "కాళ్లు చలిగా ఉన్నాయా అండీ?" అని మాత్రం అడిగి, దుప్పటి సర్ది వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం సూరయ్య ఊరికి బస్సెక్కాడు. సాయంత్రం కొత్త ఫిల్టర్ల పెట్టె వచ్చింది. మొదటిదాని మీద దానియేలు సూరయ్య పేరు రాస్తుండగా, సరళ ఫోను పట్టుకుని తలుపు దగ్గరకు వచ్చి నిలబడింది.

"మోపిదేవి దాటాక, బస్సులోనే పోయాడంట అన్నయ్యా."

దానియేలు పెన్నుకు మూత పెట్టాడు.

"వెళ్తూ వెళ్తూ నీకిమ్మన్నాడు. నేనే మర్చిపోయాను," అంటూ ఆమె ఒక కాగితం పొట్లం బల్ల మీద పెట్టింది.

విప్పి చూశాడు. తలా తోకా గిల్లి, ఇసుక రేణువన్నది లేకుండా కడిగి ఎండబెట్టిన రొయ్యలు.