నా గొంతులో పోసిన సిమెంటు

నేను ఒక వాననీటి గొట్టాన్ని. డాబా మీద పడ్డ వానని గోడ తడవకుండా కిందికి దింపడం నా పని. మనుషులకి ఇంటి తలుపు గుర్తుంటుంది, కిటికీ గుర్తుంటుంది, గొట్టం గుర్తుండదు. దానికి నాకేం కోపం లేదు. నా కోపం వేరు.

ఇనుము కరిగించి, ఇసుక అచ్చులో పోసి, పైన వెడల్పాటి నోరు పెట్టి, నన్ను పడవలో మా రేవు ఊరికి తెచ్చారు. ఓడల మీద వచ్చే సరుకుకి పన్ను వసూలు చేసే ఆఫీసు అప్పుడే కడుతున్నారు. జనం దాన్ని సుంకం బంగళా అన్నారు. తర్వాత దొరలు పోయారు, రేవు పూడిపోయింది, ఓడలు రావడం మానేశాయి. బంగళా కొన్నాళ్లు బియ్యం గోదాము అయింది, కొన్నాళ్లు తాలూకా ఆఫీసు అయింది. పేరు మాత్రం మారలేదు. చివరికి జైనబ్బీ టీచరు కుట్టుమిషన్లు వేసుకుని అద్దెకి వచ్చింది.

ఆమె ఆడవాళ్లకి కుట్టుపని నేర్పేది. కింద మిషన్ల చప్పుడు, పైన పావురాల చప్పుడు, మధ్యలో ఆమె గొంతు: "కుట్టు వంకరపోయింది, విప్పు." విప్పి మళ్లీ కుట్టేదాకా ఎవర్నీ ఇంటికి పంపేది కాదు. ఊళ్లో సగం జాకెట్లు ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లు కుట్టినవే.

ఆ రోజుల్లోనే మున్సిపాలిటీవాళ్లు బంగళాని పాతకాలపు కట్టడాల జాబితాలో చేర్చారు. ఆ జాబితా చూసే కమిటీ అనుమతి లేకుండా దీన్ని కూల్చరాదని గేటు పక్కన బోర్డు పెట్టారు. నేను నమ్మాను. ఇనుముకి బుద్ధి తక్కువ.

లాడ్జీల యజమాని కడియాల చిట్టిబాబు ఆ బోర్డు చూసి కూడా, స్థలం మీద కన్నేసి బంగళాని కొన్నాడు. జైనబ్బీని ఖాళీ చెయ్యమనలేదు, అద్దె పెంచలేదు. "మీలాంటివాళ్లుంటేనే బిల్డింగుకి కళ, టీచరుగారూ" అన్నాడు. ఆ వేసవిలో సున్నం వేయించే వంకతో డాబా మీదికి ఒక మనిషిని పంపాడు. ఆ మనిషి తట్టలో సిమెంటు కలుపుకొచ్చి, తాపీతో నా నోట్లో కుక్కాడు. పిల్లాడికి అన్నం పెట్టినంత నింపాదిగా కుక్కాడు.

వానలు మొదలయ్యాయి. నీళ్లు నా నోటిదాకా వచ్చి ఆగిపోయాయి. డాబా మీద నిలిచిపోయి, దారి వెతుక్కుంటూ గచ్చులోకి, దూలాల్లోకి దిగాయి. రెండో వానాకాలానికి టేకు దూలాలు నల్లబడి ఉబ్బిపోయాయి, గోడలు పెచ్చులూడాయి. ఏ ఇంటిని కాపాడమని నన్ను నిలబెట్టారో ఆ ఇంటినే నా చేత చంపించారు.

మున్సిపాలిటీ ఇంజనీరు వచ్చి, గోడని వేలితో తట్టి, ప్రమాదకరమని తేల్చాడు. కిటుకంతా అక్కడే ఉంది. పాత కట్టడాన్ని కూల్చాలంటే కమిటీ ఒప్పుకోవాలి. ప్రమాదకరమైన కట్టడాన్ని కూల్చాలంటే ఎవరూ ఒప్పుకోనక్కర్లేదు. ఆ రెండు నిబంధనలూ రాసింది ఒకే ఆఫీసు.

ఖాళీ చెయ్యమని నోటీసు వచ్చిన రోజు జోరుగా వాన. పైకప్పు నుంచి మిషన్ల మీద నీళ్లు కారుతున్నాయి. జైనబ్బీ వరండాలో నిలబడి చూస్తే, నా చివర నుంచి మాత్రం చుక్క రావడం లేదు. వాన వెలిశాక ప్లంబరు నూకరాజుని పిలిపించి నిచ్చెన వేయించింది.

"ఆకులు అడ్డం పడ్డాయేమో చూడు."

నూకరాజు నా నోట్లో వేలు పెట్టాడు. గోటితో గీకి చూశాడు.

"ఆకులు కాదండి టీచరుగారూ. ఎవరో సిమెంటు పోశారండి."

"ఊడదీసి కిందికి తే."

అలా కింది ముక్కలు గోడకే వదిలేసి, సిమెంటుముద్దతో సహా ఆటో ఎక్కి మున్సిపల్ ఆఫీసుకి వెళ్లాను. ఇద్దరూ కలిసి నన్ను మోసుకొచ్చి కమిషనరు బల్ల మీద పెట్టారు.

కమిషనరు నా నోట్లోకి తొంగిచూశాడు. అతను చెడ్డవాడు కాదు. నాకు ఎక్కువ మండింది అందుకే.

"నిజమేనమ్మా, కావాలనే చేసినట్టుంది" అన్నాడు. "కానీ బిల్డింగు ప్రమాదంలో ఉందా లేదా అన్నదే మేం చూడాలి. ఎవరివల్ల అలా అయిందో అడగమని నిబంధనల్లో లేదు."

"కమిటీని అడగరా?"

"దాని గడువు అయిపోయింది. కొత్త కమిటీని ఇంకా వెయ్యలేదు."

"మరి గేటు దగ్గర ఆ బోర్డు ఎందుకండి?"

కమిషనరు గంట కొట్టి తర్వాతి ఫైలు తెమ్మన్నాడు.

కూల్చమని ఉత్తర్వు శుక్రవారం సాయంత్రం వచ్చింది. మర్నాడు రెండో శనివారం, కోర్టుకి సెలవు. ఆదివారం పొద్దున్నే యంత్రం వచ్చింది. ఆడవాళ్లు మిషన్లు మోసుకొచ్చి రోడ్డవతల పెట్టుకున్నారు. నేను వాటి పక్కనే, జైనబ్బీ కాళ్ల దగ్గర ఉన్నాను. తుమ్మితే పడుతుందన్న గోడ యంత్రం పెట్టి కొడుతున్నా మధ్యాహ్నందాకా పడలేదు. జైనబ్బీ రోడ్డు దాటి ఇంజనీరు దగ్గరికి వెళ్లింది.

"ఇది ప్రమాదకరమైన గోడేనా అండి?"

అతను ఫోను చెవిన పెట్టుకుని పక్కకి జరిగాడు. ఆ ఫోను మోగలేదని నేను చెప్పగలను.

ఇప్పుడు నేను పోలీసుస్టేషను వెనకగదిలో, మెడకి చీటీతో పడున్నాను. జైనబ్బీ నన్ను పత్రికలవాళ్లకి చూపించిన మర్నాడే చిట్టిబాబు ఫిర్యాదు ఇచ్చాడు. తన బిల్డింగు సామాను దొంగిలించిందట. అంత పెద్ద బంగళాని నేలమట్టం చేసినందుకు ఎవరి మీదా కేసు లేదు. ఇనపగొట్టం ఎత్తుకెళ్లిందని ఒక కుట్టు టీచరు మీద ఉంది.

ఎస్సైకి ఆ కేసు నడపడం ఇష్టం లేదు. అతని భార్య కూడా సుంకం బంగళాలోనే కుట్టు నేర్చుకుంది.

"టీచరుగారూ, గొట్టం తిరిగిచ్చేశానని ఒక్క మాట చెప్పెయ్యండి. ఆయన రాజీకి వస్తానంటున్నారు. ఈ వయసులో మీకు కోర్టులెందుకు?"

"కోర్టులో ఏం అడుగుతారు బాబూ?"

"ఇంకేం అడుగుతారండి. గొట్టం ఎందుకు తీసుకెళ్లారని అడుగుతారు."

జైనబ్బీ కుర్చీ ముందుకి జరుపుకుంది.

"ఈ ఊళ్లో ఇంతవరకూ ఆ మాట ఎవరూ అడగలేదు. కేసు కోర్టుకి పంపు బాబూ."