బరువున్నవాళ్ళదే దారి

మా ఇంట్లో బడి పొద్దున్న ఐదింటికి మొదలయ్యేది. గంట కొట్టేవాళ్ళు లేరు. షెడ్డులో నల్లావు అరిచిందంటే బడి తెరిచినట్టే.

అమ్మే మా టీచరు. అటు వాళ్ళ వైపు, ఇటు నాన్న వైపు ఎంత వెతికినా డిగ్రీ చదివిన మనిషి ఆవిడ ఒక్కతే. ఆ పట్టా మాత్రం బీరువాలో దుప్పట్ల కింద ఉండేది. "గోడకి తగిలిస్తే ఎవరు చూస్తారు, ఆవులా?" అనేది. "చూడనీ. పాలిచ్చేవాళ్ళ చదువెంతో వాటికి తెలుసు, పితికేవాళ్ళ చదువు కూడా తెలియాలిగా" అనేవాడు నాన్న.

అక్క ఆరో తరగతిలో ఉండగా మా రోడ్డు మీద బడికెళ్ళే బస్సు రావడం ఆగిపోయింది. అప్పటికే అక్క పరుగు ధ్యాసలో పడింది. అమ్మ ఒక కాగితం మీద నాలుగు గీతలు గీసి గోడకి అంటించింది: పొద్దున్న పరుగు, తర్వాత పాలు, తర్వాత చదువు, సాయంత్రం మళ్ళీ పరుగు. పరీక్షలు బయటినుంచి రాయిస్తానంది. అంతే, బడి ఇంటికొచ్చింది. వరండాలో బల్ల ముందు కూర్చుని ఒక చేత్తో దూడకి పాలసీసా పట్టుకుని, రెండో చేత్తో పుస్తకం తిప్పేవాళ్ళం. నా చరిత్ర పుస్తకంలో రెండు రాజవంశాలు ఒక దూడ నమిలేసింది. ఇప్పటికీ ఆ రెండూ నాకు రావు.

లెక్కలన్నీ అక్క కాళ్ళ మీదే నేర్చుకున్నాను. చుట్టుకి ఇన్ని సెకన్లయితే నాలుగు చుట్లకి సగటెంత, నిన్నటికన్నా ఎంత శాతం తగ్గింది, ఇలాంటివి. స్టాప్‌వాచ్ నా మెడలోనే ఉండేది. అందుకే నాన్న నన్ను గడియారం అని పిలిచేవాడు. "గడియారం ఏదీ, అన్నం తిన్నదా? కీ ఇచ్చారా?" అని రోజూ అదే జోకు, రోజూ తనే నవ్వడం.

నేను చెప్పే ఏడు అక్కకి పద్నాలుగు, నాకు పదకొండు. వారంలో నేను మాట్లాడే మనుషుల్ని ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మూడు వేళ్ళు ఇంట్లోవాళ్ళు. నాలుగోది పాలవ్యాను డ్రైవరు. చిటికెన వేలు ఖాళీ. అక్క నాకు రెండో వేలు. నిజం చెప్పాలంటే ఎక్కువ లెక్క ఆ వేలి మీదే నడిచేది. నాన్న ఆవులతో, అమ్మ పుస్తకాలతో మాట్లాడేవాళ్ళు. నాతో మాట్లాడేది అక్క.

మా పచ్చగడ్డి చేను చుట్టూ ఒక గట్టు ఉంది. మనిషి వెడల్పుకి కొంచెం ఎక్కువ, అంతే. కుడివైపు కాలువ, ఎడమవైపు చేను. అక్క పరుగు ఆ గట్టు మీదే. నేను పాలక్యాన్లు సైకిలుకి తగిలించుకుని రోడ్డు దగ్గరి గేటుదాకా తీసుకెళ్ళేదీ ఆ గట్టు మీదే. నిండు క్యాన్లతో సైకిలు ఒకసారి ఆపితే మళ్ళీ ఎక్కడం నా వల్లయ్యే పని కాదు. అందుకని నాన్న ఒక రూలు పెట్టాడు. బరువున్నవాళ్ళదే దారి. వెనకనుంచి "దారి" అని కేక వినబడితే, చేతులు ఖాళీగా ఉన్నవాళ్ళు వెనక్కి తిరిగి చూడకుండా ఎడమవైపు చేలోకి దిగిపోవాలి. కుడివైపు దిగితే కాలువలోకే. అక్క ఎంత వేగంలో ఉన్నా నా గొంతు వినగానే ఎడమకి దిగిపోయేది. మూడేళ్ళపాటు, రోజుకి రెండుసార్లు. ఆలోచించాల్సిన పనిలేదు, కాళ్ళకే తెలిసిపోయింది.

ఆ ఏడు ఆటల బడి నుంచి ఉత్తరం వచ్చింది. పదిహేను వందల మీటర్ల పరుగుకి పిల్లల్ని ఎంచుకుంటారట. ఎంపికైతే అక్కడే ఉండి చదువు, అక్కడే పరుగు. అమ్మ ఉత్తరం రెండుసార్లు చదివి బల్లమీద పెట్టింది.

"ఎంతమంది ఉంటారంట అక్కడ?" అంది అక్క.

"వందమంది దాకా."

"అందరూ పరిగెత్తేవాళ్ళేనా?"

"కొందరు గెంతుతారు, కొందరు విసురుతారు."

అక్క నవ్వలేదు. ఉత్తరం తీసుకుని మళ్ళీ చదివింది. ఆ సాయంత్రం చుట్టుకి మూడు సెకన్లు తగ్గించింది. వాచీ తప్పేమోనని నేను రెండుసార్లు చూసుకున్నాను. తప్పు కాదు. "అక్కా, నువ్వెళ్ళిపోతావా?" అన్నాను. "ముందు గెలవనివ్వవే" అంది చెమట తుడుచుకుంటూ. వెళ్ళను అనలేదు. ఆ రాత్రి నేను అన్నం సరిగా తినలేదు. ఎవరూ కీ ఇవ్వలేదు.

ఎంపిక రోజున నాన్న టెంపోలో నలుగురం వెళ్ళాం. ఎర్రమట్టి ట్రాక్, సున్నం గీతలు, మధ్యలో గడ్డి. కోచ్ మేడం పొట్టిగా ఉంది, మెడలో విజిల్, చేతిలో మూసిన గొడుగు. అమ్మాయిలందర్నీ వరసగా నిలబెట్టి గొడుగుతో గీత చూపించింది. "ఎడమ పక్క అంచు దాటి గడ్డిలో కాలు పెట్టారా, ఔట్. ముందున్నా సరే, వెనకున్నా సరే. తర్వాత నా దగ్గరికొచ్చి ఏడవద్దు." ఆ మాట అక్కా విన్నది. నేనూ విన్నాను.

పరుగుకి ముందు ఒక పొడుగు పిల్ల అక్క వీపుకి నంబరు పిన్నుతో పెట్టింది. ఏదో అంది. అక్క నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. ఇంట్లో ఆ నవ్వు నేనెప్పుడూ చూడలేదు. ఆ పొడుగు పిల్ల ఎవరో అక్కకి ఐదు నిమిషాల క్రితందాకా తెలియదు.

విజిల్ మోగింది. ఎనిమిదిమంది. మొదటి చుట్టులో అక్క ఆరోది. రెండో చుట్టుకి మూడోది. నేను చివరి మలుపు దగ్గర తాడు అవతల నిలబడ్డాను, వాచీ పట్టుకుని. ఆఖరి చుట్టులో అక్క పొడుగు పిల్లని దాటేసింది. ముందు ఇంకెవరూ లేరు. వాచీ చూశాను. అది మా గట్టు మీద ఎప్పుడూ రాని టైము.

అక్క నా ముందునుంచి దూసుకెళ్ళింది. రెండడుగులు దాటాక, వెనకనుంచి నేను అరిచాను.

"దారీ!"

నోరు జారిందని చెప్పొచ్చు. జారలేదు. అరిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసే అరిచాను.

అక్క వెనక్కి తిరగలేదు. ఎడమకి దిగింది. ఒకటి, రెండు, మూడు అడుగులు గడ్డిలో పడ్డాయి. అప్పటికిగాని ఆమెకి అది మా చేను కాదని తెలియలేదు. విజిల్ మోగింది. అక్క ఆగి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నిలబడింది. మిగతావాళ్ళు పక్కనుంచి వెళ్ళిపోయారు.

"ఎందుకు దిగావమ్మా?" అంది కోచ్ మేడం. "నిన్నెవరైనా తోశారా?"

అక్క తల ఎత్తి నావైపు చూసింది. నా చేతిలో వాచీ ఇంకా తిరుగుతోంది.

"లేదు మేడం. కాలు మడత పడింది."

మేడం కాగితం మీద రాసి అమ్మకిచ్చింది. వేగం ఉంది, ఏకాగ్రత లేదు. అమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. దారిలో నాన్న, "పోన్లే, మన గడ్డి కన్నా వాళ్ళ గడ్డి పచ్చగా కనిపించినట్టుంది" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. మొదటిసారి తనూ నవ్వలేదు.

ఆ రోజునుంచి అక్క నాతో మాట్లాడలేదు. తిట్టలేదు, కొట్టలేదు, అమ్మకి చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది. బల్ల దగ్గర రబ్బరు కావాలంటే లేచి వెళ్ళి తనే తెచ్చుకునేది. పరుగు మానలేదు, కానీ టైము అడగడం మానేసింది. నేను గట్టు మీద వాచీ పట్టుకుని నిలబడితే, ఒక స్తంభం పక్కనుంచి వెళ్ళినట్టు వెళ్ళిపోయేది.

అన్నిటికన్నా కష్టం పాలక్యాన్ల వేళ. నేను "దారి" అంటే అక్క అప్పుడు కూడా దిగేది. అదే వేగంతో, అదే ఎడమకి. నేను దాటిందాకా చేలో నిలబడి గడ్డికేసి చూస్తూ ఉండేది. ఒక్కరోజైనా దిగకుండా ఉంటే, సైకిలుతో సహా నన్ను కాలువలోకి తోసేస్తే, నాకు హాయిగా ఉండేది.

తొమ్మిదో రోజు నావల్ల కాలేదు. అక్క ముందు పరిగెత్తుతోంది, నేను వెనక. నోరు తెరిచాను, మాట రాలేదు. సైకిలు దిగిపోయాను. దిగితే మళ్ళీ ఎక్కలేను గదా, నెట్టుకుంటూ నడిచాను. అక్క మలుపు తిరిగి కనబడకుండా పోయింది. నేను గేటు చేరేసరికి వ్యాను దుమ్ము మాత్రమే ఉంది.

నిండు క్యాన్లు వెనక్కి తెచ్చాను. అమ్మ వరండాలో దూడకి పాలు పడుతోంది.

"ఏమైందే? టైరు పంచరా?"

"కాదు."

"మరి?"

"దారి అనలేకపోయాను."

అమ్మ సీసా పక్కన పెట్టింది. అంతా చెప్పేశాను. ట్రాక్, గడ్డి, పొడుగు పిల్ల నవ్వు, నా కేక. దూడ ఖాళీ చేతిని నాకుతూనే ఉంది. అమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"నోటుబుక్కు తెచ్చుకో. ఇవాళ పాఠం ఉత్తరం రాయడం."

కోచ్ మేడం గారికి అని మొదలుపెట్టాను. మా అక్క తప్పేమీ లేదనీ, గట్టు మీద మా ఇంటి రూలు ఇదనీ, నేను పొరపాటున అరిచాననీ రాశాను. అమ్మ ఎర్రపెన్ను తీసింది. ఒక ఒత్తు దిద్దింది, ఒక చుక్క పెట్టింది. తర్వాత 'పొరపాటున' దగ్గర ఆగింది.

"ఇది పొరపాటా?"

నేను ఆ మాట మీద వేలు పెట్టి కప్పేశాను.

"తప్పు మాట రాస్తే దిద్దాలి కదా. నువ్వే దిద్దు."

ఎర్రపెన్ను నా చేతికిచ్చింది. 'పొరపాటున' కొట్టేసి పైన 'కావాలని' అని రాశాను. పెన్ను గట్టిగా నొక్కినందుకు మొన కాగితం అవతలికి దిగింది.

"ఇంకోటి చెప్పనా?" అంది అమ్మ మెల్లగా. "ఆ రోజు మేడం ఇచ్చిన కాగితం చూసి నేనూ సంతోషించాను. పిల్ల ఇంట్లోనే ఉంటుందని, ఒక్క నిమిషమే. తర్వాత, నా పట్టాలాగే దాన్నీ బీరువాలో దుప్పట్ల కింద దాచేస్తున్నాననిపించింది."

నాకు అప్పుడు అర్థం కాలేదు. అమ్మ ఉత్తరం కింద సంతకం చేసింది. పేరు పక్కన తన డిగ్రీ రాసింది, దాని కింద 'పిల్లల తల్లి, టీచరు' అని రాసింది. పేరు పక్కన ఆ అక్షరాలు అమ్మ రాయడం నేను మొదటిసారి చూశాను.

నాలుగు రోజులకి మేడం నాన్నకి ఫోను చేసింది. మంగళవారం రమ్మంది. "పోటీ అయిపోయింది కాబట్టి పక్కన ఎవరూ ఉండరు, ఒక్కతే పరిగెత్తాలి. టైము అందుకుంటే తీసుకుంటా" అందట. నాన్న నవ్వాడు. "మా పిల్లకి పక్కన ఎవరూ లేకపోవడం కొత్తేం కాదు మేడం" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఫోను పెట్టేశాక షెడ్డులోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. మేడం ఇంకో మాట కూడా అందట. ఆ గొంతున్న చిన్నదాన్ని కూడా తీసుకురండి, నోరు మూసుకుని నిలబడాలి.

నోరు మూసుకునే నిలబడ్డాను. అక్క ఖాళీ ట్రాక్ మీద ఒక్కతే తిరిగింది. నా చేతిలో వాచీ, మేడం చేతిలో వాచీ. రెండూ ఒకే అంకె చూపించాయి. మేడం గొడుగు చంకలో పెట్టుకుని, "పెట్టె సర్దుకో" అంది.

అక్క వెళ్ళే పొద్దున టెంపో గేటు దగ్గరే ఆగింది, గట్టు మీదికి రాదు కాబట్టి. అమ్మా నాన్నా ముందే వెళ్ళి పరుపుచుట్ట ఎక్కిస్తున్నారు. నన్నేమీ మోయనివ్వలేదు. నేను చేతులూపుకుంటూ గట్టు మీద నడుస్తున్నాను. వెనక అక్క రేకుపెట్టె భుజానికెత్తుకుని వస్తోంది. గొళ్ళెం అడుగడుక్కీ టక్కుమంటోంది. మంగళవారం తర్వాత కూడా అక్క నాతో మాట్లాడలేదు. వెనక్కి తిరగాలనిపించింది.

గొళ్ళెం చప్పుడు దగ్గరికొచ్చింది.

"దారి" అంది అక్క.

వెనక్కి చూడకుండా ఎడమకి దిగిపోయాను. గడ్డి మోకాళ్ళదాకా ఉంది, మంచుకి తడిసి చల్లగా ఉంది. అక్క పక్కనుంచి వెళుతూ, ఖాళీగా ఉన్న చేత్తో నా తల మీద ఒక్కటి మొట్టింది, కొంచెం గట్టిగానే. ఆగలేదు. పెట్టె దించితే మళ్ళీ ఎత్తుకోవడం కష్టం.

టెంపో చప్పుడు పూర్తిగా పోయిందాకా చేలోనే నిలబడ్డాను. వెనక ఇంకెవరూ రావడం లేదు. అయినా గట్టెక్కడానికి నాకు చాలాసేపు పట్టింది.